కడిగిన ముక్క

బ్రాడీపేటలో మాకు తెలిసిన కడుపు డాక్టరు గారొకరున్నారు. నెమ్మదైన మనిషి. పోయిన నెల నా పొట్టలోకి గొట్టం దించి చూసి, ఆ ఫోటోలు బల్ల మీద పరిచి, "అమ్మా, ఇక కారం పూర్తిగా మానెయ్యాలండి" అన్నారు. ఆ మాట ఆయన గుంటూరులో కూర్చుని, నల్లపాడులో కాపురముండే మనిషితో, బయట వరసగా కూర్చున్న జనమంతా మిరపకాయల సీజను దగ్గు దగ్గుతుండగా అన్నారు. "పూర్తిగా అంటే ఎంతండీ?" అని అడిగాను. "పూర్తిగా అంటే పూర్తిగానేనమ్మా." "ఆవకాయ?" "వద్దమ్మా." "పోనీ ఇడ్లీలోకి కారప్పొడి? ఊరికే వేలికి అంటినంత?" ఆయన నా వైపు చూడడం మానేసి మావారి వైపు చూశారు. మావారు అప్పటికే కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని ఉన్నారు. "మీరు నిశ్చింతగా ఉండండి డాక్టరు గారూ, నేను చూసుకుంటాను" అన్నారు. ముప్పై ఏళ్ళు దాటిన మా కాపురంలో ఆయన ఏ బాధ్యతనూ ఇంత హుషారుగా నెత్తికెత్తుకోవడం నేను చూడలేదు. ఇంటికి రాగానే కారం డబ్బా తీసుకెళ్ళి బీరువా పైన పెట్టారు. అక్కడ నాకందదని ఆయన ధీమా. ఇంట్లో స్టూలుందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ఆ స్టూలెక్కాను. డబ్బా కోసం చెయ్యి చాపితే దాని వెనక ఏదో మెత్తగా తగిలింది. లాగితే నా పాత హ్యాండ్‌బ్యాగు. గోధుమరంగు, పట్టీ ఒక పక్క తెగింది, జిప్పు తుప్పు పట్టింది. మేము పరాయి దేశంలో ఉన్న మూడేళ్ళూ నా భుజాన వేలాడిన సంచీ అది. లోపల ఒక పసిపిల్ల జడ రిబ్బను, ఎండి అట్టకట్టిన చేతిరుమాలు, అడుగున ఒక చిన్న స్టీలు గ్లాసు ఉన్నాయి. గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా "రేష్మ" అని కొట్టి ఉంది. నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు మా అమ్మ సింగరాయకొండలో స్టీలు సామాన్ల కొట్టు ముందు నిలబడి, ఎండలో గొడుగు పట్టుకుని, దగ్గరుండి కొట్టించిన పేరు. చివరి అక్షరానికి చోటు చాలక కాస్త కిందికి జారింది. "జారితే జారింది, పేరు పేరే కదా" అని కొట్టతను అంటే, "నా మనవరాలి పేరయ్యా, తిన్నగా కొట్టొద్దూ" అని అమ్మ వాడితో పోట్లాడిందట. నేను కారం డబ్బా సంగతి మరిచి అదే స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఆ గ్లాసు నీళ్ళు తాగడానికి కాదు. మా వైపు ఇళ్ళలో పసిపిల్లలకు అన్నం పెట్టే మనిషి పక్కన కంచంతోపాటు ఒక గ్లాసు నీళ్ళుంటాయి. కూరలో ముక్క తీసి ఆ నీళ్ళలో ముంచి, బొటనవేలితో రుద్ది, కారం వదిలించి బిడ్డ నోట్లో పెడతారు. కోడిముక్కయినా అంతే, వంకాయ ముక్కయినా అంతే. పిల్లలకోసం విడిగా చప్పిడి కూర వండాలన్న ఆలోచన మా ఇళ్ళలో ఎవరికీ వచ్చేది కాదు. ఇంట్లో ఇరవై మంది ఉన్నా వండేది ఒకటే కూర, అది ఎర్రగానే ఉంటుంది. మా అత్తయ్య హుస్సేనమ్మ గారికి ఈ కడుగుడులో ఒక లెక్క ఉండేది. రెండేళ్ళ బిడ్డకు మూడు ముంచులు, మూడేళ్ళకు రెండు, నాలుగేళ్ళకు ఒకటి. ఐదో ఏడు వచ్చిందంటే కడగని ముక్క. ఆ రోజు ఆవిడ అరుగు మీదికి వచ్చి, "మా పెద్దోడి కొడుకు కడగని ముక్కకొచ్చాడమ్మోయ్" అని వీధికంతా వినిపించేలా చెప్పేది. బిడ్డ లోపల ముక్కు కారుస్తూ మంచినీళ్ళు, మంచినీళ్ళు అని అరుస్తూ ఉండేవాడు. అయినా ఆవిడ సంతోషానికి లోటుండేది కాదు.

ఆ ఇల్లు నల్లపాడు స్టేషనుకు దగ్గర. గూడ్సు బండి పోతుంటే గిన్నెలు గలగలమనేవి. గోడకు మావారి తాత దూది ఏకిన విల్లు వేలాడుతూ ఉండేది. ఆయన ఆ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు, బొంతలకు దూది ఏకిన మనిషి. ఆ పని ఎప్పుడో పోయినా, ఇంట్లో ఏ మూల తుడిచినా చీపురుకు దూది పోగు తగిలేదని అత్తయ్య అనేది. ఎండాకాలం మొదట్లో వాకిట్లో మిరపకాయల కుప్ప పోసుకుని తొడిమలు తీసేవాళ్ళం. ఆ నెల రోజులూ అత్తయ్య పిల్లల్ని ఎత్తుకునేది కాదు, చేతులు మండిపోతుంటాయి కనుక. సాయంత్రం చేతులకు మజ్జిగ రాసుకుని, మోచేతులతో మాత్రమే మనవళ్ళను దగ్గరికి లాక్కునేది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆరుగురు పిల్లలు వరసగా కూర్చునేవారు. ఒకే కంచం, ఒకే గ్లాసు, ఒకరి తరవాత ఒకరు నోళ్ళు తెరవడమే. ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారో ఎవరికీ తెలియదు. నా కూతురు అలా గుంపులో తినడం నేర్చింది.

మావారిది పత్తి పని. బేలులోంచి గుప్పెడు దూది లాగి, రెండు చేతుల మధ్య పీచు సాగదీసి, కళ్ళు చికిలించి చూసి గ్రేడు చెప్పేస్తారు. ఆ చూపు మీద నమ్మకంతో ఒక వ్యాపారి ఆయన్ని టర్కీలో ఇజ్మీర్ దగ్గరున్న ఒక చిన్న ఊరికి, అక్కడ పత్తిగింజలు తీసే జిన్నింగు మిల్లుకి పంపాడు. ఆరు నెలలకు మేమూ వెళ్ళాం. రేష్మకు అప్పుడు మూడేళ్ళు నిండాయి, దాని తమ్ముడు బాజీకి రెండు. ఆ ఊళ్ళోవాళ్ళు మా పేర్లు విని చాలా సంతోషపడ్డారు. సలాములు చెప్పి, ఆ తరవాత గబగబా ఏదో మాట్లాడి, జవాబు కోసం ఆశగా చూసేవారు. మాకు ఉర్దూయే రాదు, ఇక వాళ్ళ భాష ఎక్కడిది? మా ఇళ్ళలో దువా అరబ్బీలో, మిగతా లోకమంతా తెలుగులో. మావారికి మిల్లు మాటలు కొన్ని పట్టుబడ్డాయి. తేమ, చెత్త, పీచు పొడుగు, మంచి గ్రేడు. వాటితోనే ఆయన మందుల కొట్టులో, బస్సులో, మసీదు దగ్గర నెగ్గుకొచ్చారు. నాకు అవి కూడా లేవు.

వెళ్ళిన నెలకల్లా రేష్మ అన్నం మానేసింది. పేచీ లేదు, ఏడుపు లేదు. కంచం ముందు కూర్చుని నోరు బిగించి గోడకేసి చూసేది. నేను అక్కడి లావు బియ్యం తప్పనుకున్నాను, నీళ్ళు తప్పనుకున్నాను, జలుబనుకున్నాను. మూడో అంతస్తులో, మాట వినపడని ఆ వాటాలో, నేనూ ఇద్దరు పిల్లలూ ఒక గ్లాసు నీళ్ళూ ఉండేవాళ్ళం. ఆరుగురి వరస లేదు కదా, ఆ పిల్ల ఎవర్ని చూసి నోరు తెరవాలన్నది నాకు అప్పట్లో తట్టలేదు. దాని గౌనుకు పక్కన ఒక కుట్టు వేసి బిగించాను. అత్తయ్యకు ఫోను చేసినప్పుడల్లా "బాగా తింటోంది" అని అబద్ధం చెప్పేదాన్ని. నాకు భయంగా ఉండేది.

అలాంటప్పుడు ఒక ఆదివారం మావారు, "బయట తిందాం రావే, నువ్వూ వండీ వండీ అలిసిపోయావు" అన్నారు. నేను వండినది పిల్ల తినడం లేదన్న సంగతి తనకూ తెలుసని ఆయన అలా చెప్పకనే చెప్పారు. మా వీధి చివర ఒక చిన్న హోటలుండేది. ఏడెనిమిది బల్లలు, గోడవారన నిప్పులపొయ్యి, దాని వెనక గుబురు మీసాల రెజెప్ ఉస్తా. ఉస్తా అంటే మనం మేస్త్రీ అన్నట్టు, పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన భార్య ఐషే రొట్టెలు చేసేది. మన దగ్గర పసిపిల్లలతో హోటలుకెళితే సర్వరు బల్ల తుడుస్తూనే, మళ్ళీ ఎంత తుడవాల్సి వస్తుందో లెక్క వేసుకుంటున్నట్టు చూస్తాడు. అక్కడ రెజెప్ ఉస్తా పొయ్యి వదిలేసి వచ్చి, నా చంకలోంచి బాజీని లాక్కుని, రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, పొయ్యి చూపించడానికి తీసుకుపోయాడు. పక్క బల్లల వాళ్ళంతా రేష్మను పలకరించారు. ఒక ముసలావిడ తన రొట్టె తుంచి దాని చేతిలో పెట్టింది. కారం వెయ్యడం మరిచిపోయిన పప్పుచారులా ఉండే ఒక సూపు వచ్చింది. రేష్మ చుట్టూ చూసింది. అందరూ తింటున్నారు. నోరు తెరిచింది. గిన్నె ఖాళీ చేసి, ఇంకో గిన్నె అడిగింది. నేను ముఖం తిప్పుకుని, నిమ్మకాయ కళ్ళలో చిమ్మిందని మావారికి చెప్పాను.

ఇక ప్రతి ఆదివారం అక్కడే. మావారు మెనూ కాగితం మీద వేలు పెట్టి ఏదో ఒకటి చూపించేవారు. ఏది వచ్చినా తను అడిగింది అదేనని నాతో అనేవారు. ఒకసారి చల్లటి మజ్జిగలో దోసకాయ ముక్కలు వచ్చాయి. అప్పుడూ అదే మాట అన్నారు. బల్ల మీద చిన్న గిన్నెలో ఎర్రటి మిరప పలుకులుండేవి. మొదటి రోజు వాటిని చూసి నా ప్రాణం లేచొచ్చింది. చెంచాడు వేసుకుని నోట్లో పెట్టుకున్నాను. రంగు మాత్రం మనదే. పొగ వాసన, కొంచెం పులుపు, అంతే. నేను ఆ గిన్నెలో సగం ఖాళీ చేస్తుంటే రెజెప్ ఉస్తా పొయ్యి దగ్గర్నించి భయంగా చూసేవాడు.

జరగవలసింది ఐదో ఆదివారమో ఆరో ఆదివారమో జరిగింది. అంతవరకు పిల్లలకు సూపూ రొట్టే పెట్టేదాన్ని. ఆ రోజు రెజెప్ ఉస్తా తనే కల్పించుకుని, పిల్లల కోసమని ప్రత్యేకంగా కోడికూర వండి తెచ్చి బల్ల మీద పెట్టాడు. టమాటాలు, ఏదో తియ్యటి మిరప ముద్ద వేసినట్టున్నాడు, చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎరుపు కనిపించగానే నా చెయ్యి నన్నడగలేదు. బ్యాగులోంచి స్టీలు గ్లాసు తీసింది, నీళ్ళు పోసింది, ముక్క ముంచింది, బొటనవేలితో రుద్దింది. బాజీకి మూడు ముంచులు, రేష్మకు రెండు. నేను ఆ కూర రుచైనా చూడలేదు. మావారితో మిల్లులో ఎవరి కూతురి పెళ్ళో మాట్లాడుతూ కడుగుతూనే ఉన్నాను.

రెజెప్ ఉస్తా వచ్చి నిలబడ్డాడు. కాసేపు గ్లాసులోకి చూశాడు. కంచం తీసుకెళ్ళిపోయాడు. "చూశావా, వేడిది తేవడానికి వెళ్ళాడు. ఎంత మర్యాదో" అన్నారు మావారు. నిజంగానే కొత్త కంచంలో, పొగలు కక్కుతూ ఇంకో కూర వచ్చింది. కొసరి వడ్డించడం మనకు కొత్తేమీ కాదు కదా. నేను కృతజ్ఞతగా నవ్వి, ఒక మంచి ముక్క ఏరి, ఆయన కళ్ళ ముందే గ్లాసులో ముంచాను. ఆయన మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. లేచేటప్పుడు మావారు డబ్బివ్వబోతే ఐషే తీసుకోలేదు, చేత్తో తలుపు వైపు చూపించింది. "ఈ రోజు మనం వాళ్ళ అతిథులం" అని మావారు దారి పొడుగునా మురిసిపోయారు.

తరవాతి ఆదివారం వెళితే, ఖాళీ లేదని చేత్తో సైగ చేశారు. రెండు బల్లల దగ్గరే మనుషులున్నారు. రేష్మ వాకిట్లో నిలబడి "ఉస్తా తాతా" అని పిలిచింది. ఆయన పొయ్యి మీది ముక్కలు తిప్పుతూనే ఉన్నాడు, కానీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. ఇంకో ఆదివారం మావారు మమ్మల్ని తెల్లగుడ్డలు పరిచిన పెద్ద హోటలుకు తీసుకెళ్ళారు. అక్కడ రేష్మ బల్ల మీద తల వాల్చి పడుకుంది. ఆ వారం దాని గౌనుకు రెండో కుట్టు వేశాను.

సంగతి చివరికి మిల్లు ఇంజనీరు ద్వారా తెలిసింది. ఆయనకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. మావారు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "నువ్వు ఆయన కూర కడిగావంట కదే" అన్నారు. "కడిగితే?" అన్నాను. "వాళ్ళ నాన్న కాలం నుంచి ఉన్న హోటలంట. ఆయన చేతి వంటని ఇంతవరకు ఎవరూ నీళ్ళలో పెట్టి కడగలేదంట. అంత మురికిగా వండానా అని ఇంట్లో రెండు రోజులు అన్నం తినలేదంట. అదీ ఒకసారి కాదంట, మళ్ళీ తెచ్చి పెడితే మళ్ళీ కడిగావంట. ఊరంతా చెప్పుకుంటున్నారు." నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత ఒళ్ళు మండింది, పిల్లల తల్లి చేసే పని తెలియదా వీళ్ళకని. ఆ తరవాత, గిన్నెలు కడుగుతుంటే, మా అత్తయ్య వండిన కోడికూరను ఎవరో వచ్చి ఆవిడ ఎదురుగా చెంబులో ముంచినట్టు ఊహించుకున్నాను. ఆవిడైతే తలుపు చూపించి ఊరుకునేది కాదు. అప్పుడు సిగ్గేసింది. నా బిడ్డ నోరు తెరిపించిన మనిషి వంటను నేను నోట్లో పెట్టుకుని చూడనైనా చూడలేదు.

"మీరెళ్ళి చెప్పండి" అన్నాను. మావారు వెళ్ళారు. తనకు వచ్చిన భాషంతా వాడారు. "చెత్త లేదు, మంచి గ్రేడు. తేమ కూడా లేదు" అని రెజెప్ ఉస్తా వంటకు సర్టిఫికెట్టు ఇచ్చి వచ్చారు. ఆయన ఏమన్నాడని అడిగితే, "కత్తి నూరుకుంటున్నాడు" అన్నారు.

ఇక లాభం లేదని నేనే బయల్దేరాను. అత్తయ్య కట్టి పంపిన కారం అప్పటిదాకా పొదుపుగా వాడుతున్నాను. ఆ రోజు మాత్రం చేతికి అడ్డం పెట్టలేదు. నల్లపాడు ఇంట్లో ఎలా వండుతామో అలాగే కోడికూర వండాను. కొబ్బరి లేదు, కొత్తిమీర దొరికింది, కారానికి లోటు లేదు. గిన్నె ఒక చేత్తో, గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని మధ్యాహ్నం హోటలు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళాను. రెజెప్ ఉస్తా, ఐషే ఇద్దరే ఉన్నారు. గిన్నె బల్ల మీద పెట్టి, చేత్తో తినమని చూపించాను. ఆయనకు ఇష్టం లేదు. కానీ ఇంటికి తెచ్చిన అన్నాన్ని కాదనే అలవాటు వాళ్ళకూ లేదు. రొట్టెతో ఒక ముక్క పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. రెండు సార్లు నమిలాడు. ఆగాడు. మీసాలు ముందు వణికాయి. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, తరవాత ఎక్కిళ్ళు. ఐషే ముందు భయపడింది, తరవాత బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి గాలిలో నీళ్ళ కోసం వెతుకుతోంది.

నేను గ్లాసులో నీళ్ళు పోశాను. కానీ ఆయనకివ్వలేదు. గిన్నెలోంచి ఇంకో ముక్క తీసి, ఆయన చూస్తుండగా నీళ్ళలో ముంచి, బొటనవేలితో రుద్దాను. రేష్మ లెక్క రెండే, ఆయనకు బాగా కనిపించాలని ఒకటి ఎక్కువ వేశాను. ఒకటి, రెండు, మూడు. గ్లాసులో నీళ్ళు ఎర్రబడ్డాయి, పైన నూనె తేలింది. ఆ ముక్క రేష్మ నోటికి అందించాను. అది బుద్ధిగా నోరు తెరిచి తిని, ఆయనకేసి చూసింది. రెజెప్ ఉస్తా ఎక్కిళ్ళ మధ్యనే గ్లాసు అందుకుని వెలుతురుకు ఎత్తిపట్టి ఆ ఎర్రనీళ్ళు చూశాడు. నన్ను చూశాడు. పిల్లల్ని చూశాడు. అరచేత్తో నుదురు కొట్టుకుని ఐషేతో ఏదో గట్టిగా అన్నాడు. తరవాత తనే గిన్నెలోంచి ఒక ముక్క తీసి, తన లావుపాటి వేళ్ళతో ఆ నీళ్ళలో ముంచి, మూడుసార్లు రుద్ది, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు క్షమాపణ చెప్పే మాట ఒక్కటి రాదు. ఆయనకు అది అక్కర్లేకపోయింది.

ఆ తరవాత మేము ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఆదివారం మేము కూర్చోగానే ఆయనే ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి రేష్మ కంచం పక్కన పెట్టేవాడు. ఆయన కూరలో కడగడానికి కారమే లేదు. అయినా ముంచాల్సిందే. ముంచకపోతే రేష్మ ఒప్పుకునేది కాదు, ఇప్పుడు రెజెప్ ఉస్తా కూడా ఒప్పుకునేవాడు కాదు. నేను మొహమాటపడి నేరుగా పెట్టబోతే గ్లాసు కేసి వేలు చూపించేవాడు. పిల్లకు కావలసింది కారం పోవడం కాదని, ఆ కాస్త సేపు తన ముక్క మీద మనిషి చెయ్యి ఉండడమని నాకంటే ముందు ఆయనకే తెలిసిందేమో. గౌను కుట్లు ఒకటొకటిగా విప్పాను. వచ్చేసేటప్పుడు ఆయనకు ఎండుమిరపకాయల పొట్లం ఇస్తే, దండ గుచ్చి గోడకు తగిలించాడు. వంటలో మాత్రం ఒక్కటీ వెయ్యలేదట, ఇంజనీరు చెప్పాడు.

నల్లపాడు తిరిగొచ్చేసరికి రేష్మకు ఆరేళ్ళు దాటాయి. మొదటి రోజు భోజనాల దగ్గర నేను గ్లాసు తీసి రెండు ముంచులు ముంచడం అత్తయ్య చూసింది. "ఏమ్మాయ్, ఆరేళ్ళ పిల్లకి ఇంకా రెండు ముంచులా? ఆ దేశంలో దీన్ని పెంచావా, నీళ్ళలో నానబెట్టావా?" అంది. తోటి పిల్లలు పకపకా నవ్వారు. రేష్మకు రోషం వచ్చింది. గిన్నెలోంచి కడగని ముక్క తీసుకుని నోట్లో పెట్టేసుకుంది. కళ్ళు చెరువులయ్యాయి, ముక్కు ఎర్రబడింది, అయినా "కారం లేదు, ఏం లేదు" అంటూ మింగేసింది. అత్తయ్య మురిసిపోతూ అరుగు మీదికి వెళ్ళింది. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు వేశాను. బిడ్డ ఇంటి మనిషయిందని సంతోషమే. కాని నా పని ఒకటి తగ్గిపోయిందని బెంగ కూడా వేసింది, అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు రేష్మ విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. దాని కూతురు సనాకు మూడేళ్ళు. నాకు డాక్టరు గారి శిక్ష పడిందని తెలిసి, మొన్న ఆదివారం వచ్చి మమ్మల్ని బ్రాడీపేటలో ఒక కొత్త హోటలుకు తీసుకెళ్ళింది. ఈ రోజుల హోటళ్ళలో పసిపిల్లలకు ఎత్తు కుర్చీలున్నాయి, విడిగా ఒక మెనూ ఉంది, అందులో కారం లేని నూడుల్సూ, చీజు పూసిన బంగాళాదుంపలూ ఉన్నాయి. సర్వర్లు పిల్లల ముఖం చూసి భయపడ్డం లేదు, ఎందుకంటే పిల్లల ముఖాలు ఫోన్లలో ఉన్నాయి. సనా ఫోనులో ఏదో పిల్లి పాట చూస్తూ, తన నోట్లోకి ఏం వెళుతోందో తెలియకుండా తింటోంది. "మా రోజుల్లో..." అని మొదలుపెట్టబోయి ఊరుకున్నాను. మా రోజుల్లో నా బిడ్డ తినడానికి ఏడు సముద్రాల అవతల మీసాలాయన ఒకడు కావలసి వచ్చాడు. ఫోను ఉంటే నేను కాదనేదాన్నా?

రేష్మ కోడికూర తెప్పిస్తూ "కారం తగ్గించండి" అని చెప్పింది. తగ్గించాకనే అంత ఎర్రగా ఉందట. మావారు ఆ గిన్నెను నా వైపు రాకుండా తన మోచేత్తో కాపలా కాస్తూ, "నీకు పెరుగన్నం చెప్పాను" అన్నారు. నేను పెరుగన్నం కలుపుకుంటూ గోడకేసి చూస్తున్నాను. నోరు బిగించుకునే ఉన్నానట, రేష్మ తరవాత చెప్పింది. కాసేపటికి ఊరికే ఉండలేక, చూపిద్దామని తెచ్చిన స్టీలు గ్లాసు బ్యాగులోంచి తీసి దాని ముందు పెట్టాను. అది చేతిలోకి తీసుకుంది. జారిన అక్షరం మీద వేలు పెట్టి తడిమింది. "ఇది ఇంకా ఉందామ్మా?" అంది. నేను జవాబు చెప్పేలోపే సీసాలోంచి నీళ్ళు పోసి, గిన్నెలోంచి ఒక మెత్తటి ముక్క తీసి, ముంచి, బొటనవేలితో రుద్దింది. మావారు "ఒసే, డాక్టరు గారు..." అన్నారు. "మీరుండండి నాన్నా" అంది.

బల్లల దగ్గర అజమాయిషీ చేసే పెద్దాయన ఒకాయన చకచకా వచ్చాడు. గ్లాసులోకి చూసి ముఖం చిన్నబుచ్చుకుని, "ఏమండీ, కూర బాగా లేదాండి? మార్చి తెమ్మంటారా?" అన్నాడు. ఒకప్పుడు నాకు చెప్పడానికి మాట లేక ఒక మనిషి రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు మాటకు కరువేమీ లేదు. "కూర బ్రహ్మాండంగా ఉందండి, వాసనే చెబుతోంది. మా అమ్మాయి నాకు కడిగి పెడుతోందంతే" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "అట్లా చెప్పండమ్మా. మా ఇంట్లో కూడా మా అమ్మకి అంతేనండి" అని వెళ్ళిపోయాడు.

సనా ఫోను వదిలేసి చూస్తోంది. "అమ్మమ్మ చిన్నపాపా?" అని వాళ్ళమ్మను అడిగింది. రేష్మ ముక్కను మళ్ళీ ముంచింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఒకటి, రెండు, మూడు. మా అత్తయ్య లెక్క ప్రకారం నాకిప్పుడు రెండేళ్ళు. నోరు తెరిచాను.